పర్సోం అంటే ఎప్పుడు

అబ్దుల్ రహీం కోడిని కొయ్యడు. ఇంటి దగ్గరి పాసిర్ రిస్ మార్కెట్లో కోసి, కడిగి, ముక్కలు చేసి ఇచ్చిన మాంసం తెచ్చినా సంచీ వంక చూడకుండా వంటింటి గట్టు మీద పెట్టి అవతలికి పోతాడు. పెళ్ళయిన కొత్తలో కనీజ్ ఫాతిమా దీన్ని సుకుమారం అనుకుంది. అమెరికా సైన్యంలో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మనిషికి ఇంత సుకుమారం ఏమిటని అక్కచెల్లెళ్ళకు ఫోన్ చేసి నవ్వింది కూడా.

ఆ నవ్వు ఒక మధ్యాహ్నం ఆగిపోయింది. సోఫాలో కునుకు తీస్తున్న మొగుణ్ణి చాయ్ చల్లారిపోతోందని భుజం తట్టి లేపబోయింది. అతని కళ్ళు తెరుచుకోకముందే చెయ్యి లేచి ఆమె గొంతు పట్టుకుంది. ఆమె వీపు గోడకు కొట్టుకుంది. మడమలు నేలను వదిలేశాయి. చెవుల్లో హోరు మొదలైంది. ఎదురుగా ఉన్న మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. తాళం తీస్తున్నవాడి మొహంలా ఉంది. చాయ్ గ్లాసు కింద పడి పగిలిన చప్పుడుకు అతను మేలుకున్నాడు. చెయ్యి వదిలి, ఆమె మెడ మీద లేస్తున్న వేలిముద్రల్ని చూసి, గాజుపెంకుల మధ్యనే కూలబడ్డాడు. అరిచేతుల్లో పెంకులు దిగుతున్నా లేవలేదు.

ఆ రోజే మొదటిసారి తోట కథ చెప్పాడు.

రహీం పుట్టింది సంగారెడ్డిలో. పదిహేనో ఏట అమ్మానాన్నల వెంట చికాగో వెళ్ళాడు. తండ్రి అక్కడ టాక్సీ నడిపాడు. కొడుకు కాలేజీ మధ్యలో మానేసి సైన్యంలో చేరాడు. అతనిది లారీల మీద సరుకులు చేరవేసే పని, తుపాకీ పట్టుకుని ఊళ్ళు తిరిగే పని కాదు. కాందహార్ పక్కన ఉండగా దుబాసీకి జ్వరం వచ్చిందనో, వాడు పారిపోయాడనో, ఎవరో ఇతని కాగితాల్లో ఉర్దూ అన్న మాట చూశారు. ఆ ప్రాంతం ముసలివాళ్ళు చాలామంది పాత యుద్ధం రోజుల్లో పెషావర్ శరణార్థి శిబిరాల్లో బతికి వచ్చినవాళ్ళు, ఉర్దూ వాళ్ళకూ వచ్చు. అందుకని లారీ దింపి గస్తీలో కలిపారు.

తోట ఆ గస్తీలోది. దానిమ్మ చెట్ల మధ్య మట్టిగోడల ఇల్లు. కాలువ మీది తూము కింద బాంబు పెట్టారేమో చూసి రమ్మని పంపితే పొద్దున్నే వీళ్ళు నడిచి వెళ్ళారు. ఇంటి ముసలాయన పేరు గుల్మీర్ కాకా. రహీం సలాం చెప్పగానే ఆయన మొహం విప్పారింది. పెషావర్‌లో పదేళ్ళు తోపుడుబండి నడిపానన్నాడు. బేటా అని పిలిచాడు. నులకమంచం వాల్చి చాయ్ పోయించాడు. రహీం పక్కన ట్రవిస్ అనే కుర్ర సైనికుడు కూర్చున్నాడు. మీసం కూడా సరిగా రాని పిల్లవాడు, ఎక్కడ తిండి పెట్టినా వద్దనడు. నీకొకటి చెప్పాలి బేటా అని ముసలాయన ఏదో ఎత్తుకోబోయాడు. మాట కలిపితే స్నేహం కుదురుతుందని రహీం మధ్యలో అందుకున్నాడు. ఆ ఊరికి అతను కొత్త కాదు. అంతకుముందు చలికాలంలో గోధుమపిండి బస్తాలు పంచడానికి అదే ఇంటిదాకా వచ్చి ఉన్నాడు.

"హమ్ పర్సోం ఆయే థే ఇధర్. యాద్ హై, కాకా?"

పర్సోం మేం ఇక్కడికి వచ్చాం, గుర్తుందా అన్న మాటకు ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. పర్సోమా, నువ్వా అని అడిగాడు. హౌ, మైచ్ థా, నేనే వచ్చాను అని రహీం నవ్వుతూ ఇంటి గుమ్మం వైపు చెయ్యి చూపించాడు.

గోడకు కాలువ తవ్వే పార ఆనించి ఉంది. ముసలాయన లేచి దాన్ని అందుకోవడం రహీం చూశాడు. నీళ్ళు మళ్ళించడానికి అనుకున్నాడు. పార రహీం తల మీదికి వచ్చింది. ట్రవిస్ అడ్డం వచ్చాడు. అంచు అతని గడ్డం కింద, హెల్మెట్ పట్టీ కింద దిగి ఎముక దగ్గర ఆగింది. నెత్తురు చాయ్ గ్లాసుల్లోకి, మంచం నులకలోకి, రహీం నోట్లోకి చిమ్మింది. ముసలాయన పార ఊడబెరికి మళ్ళీ ఎత్తాడు. రహీం తుపాకీ ఆయన కడుపుకు ఆనించి కాల్చాడు. పడ్డాక కూడా కాల్చాడు. లోపలినుంచి కోడలు పట్టకారు పట్టుకుని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. ఆమెను గేటు దగ్గరి సైనికుడు కాల్చాడు. ఆమె గడప మీద బోర్లా పడింది, కాళ్ళు ఇంట్లోనే ఉండిపోయాయి. ఆ చప్పుళ్ళకు తోటలోనుంచి ఎవరివో తుపాకులు మొదలయ్యాయి. కొమ్మలు తెగి మీద రాలుతుంటే రహీం గోడ కింద ట్రవిస్ మెడలో వేళ్ళు పెట్టి అదిమి పట్టుకున్నాడు. లోపల వెచ్చగా, జారుడుగా, ఏదో వేలి కింద కొట్టుకుంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఆగింది. ఆగిన తర్వాత కూడా అతను వేళ్ళు తియ్యలేదు. చేతికందేంత దూరంలో ముసలాయన ఇంకా పోలేదు. నోట్లో నెత్తుటి బుడగలు పగులుతుంటే ఒకటే మాట అన్నాడు. పర్సోం. పర్సోం.

అంతకు రెండు రాత్రుల ముందు హెలికాప్టర్లో వచ్చిన వేరే దళం ఒకటి అదే ఇంటి తలుపు పగలగొట్టి, ముసలాయన పెద్ద కొడుకులిద్దరినీ పరుపుల మీదే కాల్చి, చిన్నవాణ్ణి కళ్ళకు గంతలు కట్టి ఎత్తుకుపోయింది. ఆ సంగతి గస్తీకి వెళ్ళినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తర్వాత తెలిసింది. రహీం దాన్నిబట్టి ఒక లెక్కకు వచ్చాడు. కొడుకుల పగ తీర్చుకోవడానికి ముసలాయన ఏ అమెరికా సైనికుడు దొరుకుతాడా అని కాచుకున్నాడు. బేటా అన్నది, మంచం వాల్చింది, చాయ్ పోసింది అంతా ఎర. ఎవరికి చెప్పినా కథ చివర దగా అనే మాటతోనే ముగిస్తాడు. ఆ మాట పలికేటప్పుడు వెన్ను నిటారుగా అవుతుంది. కనీజ్ దాన్ని గమనించింది. దగా చేసినవాణ్ణి చంపాను అన్న ఒక్క ఊతం మీద ఆ మనిషి సైన్యం వదిలాక ఈ పరాయి నగరంలో జురాంగ్ ఈస్ట్ గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాళ్ళకు జాగ్రత్తలు నేర్పుతూ, కూతుర్ని నవ్విస్తూ, రాత్రి కన్ను మూయగలుగుతున్నాడని ఆమెకు తెలుసు. ఆనాటి తర్వాత అతణ్ణి లేపాలంటే ముట్టుకోదు, గది గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది.

ఇక పర్సోం సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇళ్ళల్లో ఆ మాటకు గడువు లేదు. మనం తెలుగులో మొన్న అంటామే, అట్లాంటిదే. మొన్న పెళ్ళిలో కలిశాం అంటే ఆ పెళ్ళి జరిగి మూడేళ్ళయి ఉండొచ్చు. కనీజ్ జహీరాబాద్‌లో పదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడింది. రెండింట్లోనూ మొన్నకు అదే సాగుడు. వినేవాళ్ళకు తెలుసు కాబట్టి ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

బిషాన్‌లో సుధాకరరావు గారని బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి విరమించిన కోస్తా ఆయన ఉన్నాడు. యుద్ధాల చరిత్ర అంటే ప్రాణం. నెలకో శనివారం సాయంత్రం తన ఫ్లాట్లో పదిమంది తెలుగువాళ్ళను కూర్చోబెట్టి, అమెరికా అంతర్యుద్ధం, పసిఫిక్ దీవులు, వియత్నాం అంటూ చెబుతాడు. బల్ల మీద పప్పుచెక్కలు ఒక సైన్యం, జంతికలు ఇంకో సైన్యం. ఓడిపోయిన దళాన్ని ఆయనే తినేస్తాడు. రహీం ఆ సభలకు ఇష్టంగా వెళ్ళేవాడు. పటాల మీద ఎవరి మెడా తెగదు, అందుకే బాగుంటుందని ఒకసారి కనీజ్‌తో అన్నాడు. ఈ నెల రావు గారు అతణ్ణే మాట్లాడమన్నాడు. పుస్తకాలు చదివి నేను చెప్పేదెంతండీ, చూసొచ్చినవారు మీరు అని బతిమాలాడు. రహీం ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమే కాకుండా జారా కూడా రావాలన్నాడు. కూతురికి పదమూడేళ్ళు వచ్చాయి, తండ్రి ఏం చేసి వచ్చాడో తెలియాలన్నాడు. అంతదాకా ఆ పిల్లకు తోట కథ తెలియదు.

ఆ శనివారం ఇంకా రెండు రోజులుందనగా ఫోన్ మోగింది. జారాకు వారాంతంలో ఉర్దూ చెప్పే హష్మీ మాస్టారు. లక్నో మనిషి, మాట పట్టుబట్టలా మెత్తగా ఉంటుంది. కనీజ్ సలాం చెప్పేలోపే ఆయన చావుకబురు విన్నప్పుడు చదివే ఇన్నా లిల్లాహి చదవడం మొదలుపెట్టాడు. ఇంత కష్టంలో పిల్లను క్లాసుకు పంపనక్కర్లేదన్నాడు. అల్లా మీకు ఓర్పునివ్వాలన్నాడు. జహీరాబాద్‌లో ఎవరికో ఏదో అయింది, తనకు చెప్పే పని ఈయనకు అప్పగించారు అనుకుంది కనీజ్.

"ఎవరు పోయారు మాస్టర్ సాబ్?"

అవతల ఆయన తడబడ్డాడు. మీ అత్తగారే కదమ్మా అన్నాడు. పిల్ల వ్యాసంలో రాసింది, మా దాదీ పర్సోం చనిపోయింది అని. కనీజ్ వంటింటి స్టూలు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. మాస్టారూ నవ్వాడు. అది మీ హైదరాబాదీల పర్సోం, ఎన్నిసార్లు దిద్దినా మీ పిల్లలకు పోదు, పిల్లను కూర్చోబెట్టి గట్టిగా చెబుతాను అన్నాడు.

"పర్సోం అంటే ముందుకైనా వెనక్కైనా రెండు రోజులే అమ్మా. లక్నోలో అడగండి, లాహోర్‌లో అడగండి, పెషావర్‌లో అడగండి."

పెషావర్ అన్న మాట దగ్గర కనీజ్ నవ్వు ఆగింది. ఫోన్ పెట్టేసిన సంగతి ఆమెకు గుర్తులేదు. పొయ్యి మీద ఉల్లిపాయ మాడి వంటిల్లంతా పొగ కమ్మింది. పొగలో ఆమెకు నులకమంచం కనబడింది. చాయ్ పోస్తున్న చెయ్యి కనబడింది. ఆ ముసలాయన కొడుకులు పోయి అప్పటికి రెండు రాత్రులు. తనకు తెలిసిన భాష మాట్లాడే సైనికుడు, సలాం చెప్పే సైనికుడు ఒకడు దొరికాడు. నీకొకటి చెప్పాలి బేటా అన్నాడు. చిన్నకొడుకును ఎక్కడికి తీసుకుపోయారో కనుక్కోమని అడగబోయి ఉంటాడు. అప్పుడు ఆ సైనికుడు నవ్వుతూ, గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ, పర్సోం వచ్చింది నేనే అన్నాడు.

ఆ మాట జహీరాబాద్‌లో ఎవరు విన్నా పిండి బస్తాలు గుర్తు చేసుకునేవాళ్ళు.

రెండు రోజులూ ఆమె దాన్ని నోట్లో నిప్పుకణికలా పెట్టుకుని తిరిగింది. చెప్పకుండా ఉంటే? పదిహేనేళ్ళు నిలబెట్టిన ఊతాన్ని తన చేతులతో తియ్యడం ఎందుకు? కానీ ఆ శనివారం పొద్దున జారా క్లాసునుంచి వచ్చి, పర్సోం అంటే రెండు రోజులని మాస్టారు తనచేత బోర్డు మీద రాయించాడని చెప్పి మూతి ముడుచుకుంది. తప్పు ఎక్కడ కనబడినా పట్టుకోకుండా ఉండలేని పిల్ల. సాయంత్రం సభలో తండ్రి నోట ఆ మాట వచ్చిన మరుక్షణం అందరి ముందూ దిద్దుతుంది. రావు గారి పప్పుచెక్కల మధ్య, కన్నకూతురి నోట వింటాడు. ఆ చేతులు అప్పుడు ఏం చేస్తాయో కనీజ్ మెడకు తెలుసు.

పిల్లను ఇంట్లో ఉంచాలని చూసింది. తలనొప్పిగా ఉంది, నాకు తోడుండు అంది. "అబ్బూ సెడ్ కెన్, అమ్మీ. డోంట్ లైక్ దట్ లా," అని జారా, నాన్న సరేనన్నాక తల్లి అడ్డుపెట్టడమేమిటన్నట్టు, బూట్లు తొడుక్కుంది. రహీంను అడిగింది. తోట వదిలేసి లారీల కథలు చెప్పమంది. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ నవ్వాడు.

"అదొక్కటే నా కథ కనీజ్. తక్కినయన్ని రావు గారికి నాకంటె మంచిగ తెలుసు."

రైల్లో ఇద్దరి మధ్యా జారా కూర్చుంది. పాయా లేబర్‌లో రైలు మారేటప్పుడు కనీజ్ చెప్పబోయి నోరు తెరిచింది, జనం తోసుకొచ్చారు. బిషాన్‌లో రావు గారి బ్లాకు కిందికి వచ్చేశారు. ఫ్లాట్ల కింద స్తంభాల మధ్య ఖాళీ జాగాలో గాలి వీస్తోంది. గళ్ళు గీసిన రాతిబల్ల దగ్గర ఒక చైనీస్ అంకుల్ ఒక్కడే చదరంగం ఆడుకుంటున్నాడు. అవతలి గోడకు కూల్‌డ్రింకుల మిషన్ ఉంది. నాకు దాహంగా ఉంది, ఏదన్నా పట్టుకురా అని కనీజ్ పిల్లను పంపింది.

"ఏంజీ. ఆ ముసలాయనకు మీరేమన్నరో మల్ల ఒకసారి చెప్పున్రి."

"ఇప్పుడెందుకు? పైన చెప్తగదా."

"ఇక్కడ చెప్పున్రి. నాకు చెప్పున్రి."

అతను ఆమె మొహం చూసి చెప్పాడు. పర్సోం వచ్చినం అన్న, యాద్ ఉన్నదా అన్న.

"పర్సోం అంటే మనకు ఎప్పుడో. ఆయన పెషావర్ల నేర్చుకున్నడు. ఆయనకు రెండు రోజులే."

రహీం ముందు నవ్వాడు. ఏం మాటలు ఇవి అన్నాడు. ఆమె హష్మీ మాస్టారి ఫోన్ సంగతి చెప్పింది, అత్తగారు పోయారని ఆయన తెలిపిన సంతాపం చెప్పింది. అతను నవ్వుతూనే వింటున్నాడు, నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం ఎక్కడికో వెళ్ళాయి. పెదవులు కదిలాయి. లెక్క కడుతున్నాడని ఆమెకు తెలిసింది. రెండు రాత్రులు. నేనే వచ్చాను. గుమ్మం వైపు చెయ్యి.

"బేటా అన్నడు," అన్నాడు మెల్లగా. "ఏదో చెప్పాలె అన్నడు. నేనే చెప్పనియ్యలే."

అతను గ్లాసు పట్టుకున్నట్టు కుడి చెయ్యి ముడిచి దాని వంక చూశాడు.

"గట్లయితె ఆ చాయ్ నిజమైందే."

అతని కుడి చెయ్యి స్తంభాన్ని గుద్దింది. మొదటి దెబ్బకు చర్మం చిట్లింది. రెండో దెబ్బకు లోపల ఏదో విరిగిన చప్పుడు కనీజ్‌కు వినబడింది. అతను అరవలేదు. కొడుతూనే ఉన్నాడు, ఒకే చోట, స్తంభంలో ఉన్నదాన్ని బయటికి తియ్యాలన్నట్టు. తెల్లటి సున్నం మీద ఎరుపు అచ్చులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చైనీస్ అంకుల్ తలెత్తి చూసి, పావుల్ని సంచీలో ఊడ్చుకుని, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడు. కనీజ్ ముట్టుకోలేదు. నాలుగడుగుల దూరంలో నిలబడి, ఇంట్లో పిలిచినట్టే, పేరు పెట్టి పిలిచింది. రహీం. రహీం. మూడోసారి పిలిచేసరికి అతని నుదురు స్తంభానికి ఆనింది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. చెయ్యి పక్కకు వేలాడుతుంటే వేళ్ళ చివరలనుంచి నెత్తురు సిమెంటు మీద చుక్కలు చుక్కలుగా రాలింది.

"ఆమె ఉట్టి పట్టకారు పట్టుకోని వచ్చింది," అన్నాడు స్తంభంతో. "రొట్టెలు కాల్చుకుంట లేచి వచ్చింది."

జారా చేతిలో డబ్బాలతో వచ్చి ఆగిపోయింది. అబ్బూ, వాట్ హ్యాపెండ్ అంది. కనీజ్ పిల్ల బ్యాగులోనుంచి టిష్యూ పాకెట్ లాక్కుని మొత్తం తీసి అతని పిడికిలికి చుట్టింది. పెట్టినవి పెట్టినట్టే తడిసిపోయాయి. ఆసుపత్రికి పోదామంది. అతను వినలేదు. కూతురి వైపు తిరిగాడు. మొహం ఎండిపోయి, పదేళ్ళు మీద పడ్డట్టు ఉంది.

"బేటా, పోయిన చలికాలంల వచ్చినం అనాలంటె ఎట్లనాలె? మీ మాస్టర్ చెప్పినట్టు. మంచి ఉర్దూల."

జారా తల్లి వంక చూసింది. కనీజ్ తలూపింది.

"హమ్ పిఛ్లీ సర్దియోం మే ఆయే థే. ఎందుకు?"

"మల్ల చెప్పు."

చెప్పింది. అతను తిరిగి పలికాడు. ఒకటే వాక్యం. పిఛ్లీ సర్దియోం మే. ఒక మాట తప్పుగా పలికితే జారా దిద్దింది. అతను దిద్దుకుని మళ్ళీ పలికాడు, నోటికి కొత్త భాష పట్టుకుంటున్న పిల్లవాడిలా. గింతేనా అన్నాడు. అంతే అంది జారా, ఏమిటో తెలియకుండానే.

లిఫ్ట్ తలుపు తెరుచుకుని సుధాకరరావు గారు బయటికి వచ్చాడు. అందరూ వచ్చేశారు రహీం గారూ, మీ కుర్చీ టిష్యూ పాకెట్ పెట్టి ఇక్కడివాళ్ళలా చోప్ చేసి, అదే, పట్టి ఉంచాను, ఎవర్నీ కూర్చోనివ్వలేదు అంటూ వస్తున్నవాడు పిడికిలిని చూసి ఆగాడు. స్తంభాన్ని చూశాడు. అయ్యయ్యో ఏమిటండీ ఇది, సభ ఇంకోసారి పెట్టుకుందాం, ముందు డాక్టరు దగ్గరికి పదండి అన్నాడు. కనీజ్ అదే అంది. అతని మోచెయ్యి పట్టుకుని రోడ్డు వైపు తిప్పబోయింది. ఇప్పుడు పైకి పోతే ఏం చెబుతాడో, చెప్పాక ఏమవుతాడో ఆమెకు తెలియదు. దగా అన్న మాట ఇక లేదు. దాని చోట నిలబడటానికి అతని దగ్గర ఏమీ లేదు.

రహీం మోచెయ్యి విడిపించుకున్నాడు. గట్టిగా కాదు.

"ఇంకోసారి అంటె నేను చెప్పను అంకుల్. ఇయ్యాలనే చెప్పాలె. విన్నంక మీరు నన్ను పొమ్మన్నా సరే."

రావు గారికి ఏమీ అర్థం కాలేదు. సరేనండీ, మీ ఇష్టం అని తప్పుకుని దారి ఇచ్చాడు. రహీం కూతురి వైపు చూశాడు.

"జారా, నాకెదురుంగ కూర్చో. నేను మాటను మల్ల తప్పు చెప్తె అక్కడ్నే ఆపు."

"ఇన్ ఫ్రంట్ ఆఫ్ ఎవ్రీవన్?"

"అందరి ముందర. రావు గారు కసురుకున్నా ఆపు."

లిఫ్ట్ తలుపులు అప్పటికి మూసుకుపోయాయి. నలుగురూ వాటి ముందు నిలబడ్డారు. రహీం చేతులు రెండూ పనికిరానట్టు పక్కన వేలాడుతున్నాయి. కనీజ్ ఒక్కక్షణం రోడ్డు వైపు చూసి, ముందుకు వంగి పైకి పోయే మీట నొక్కింది.